అరవై రెండు తీసేస్తే

సోమవారం పొద్దున్నే గిడ్డంగి షట్టరు ఎత్తీ ఎత్తగానే తూకమాయన కుక్కను రెండు చేతులా ఎత్తుకుని కాటా ఎక్కాడు. కాటా బల్ల కింద ఇనుము కిర్రుమంటే చాలు, దానికి పై ప్రాణాలు పైనే పోతాయి, ఒంటరిగా నిలబడదు. అందుకే ఇద్దరూ కలిసి ఎక్కడం, వచ్చిన అంకెలోంచి ఆయన బరువు అరవై రెండు తీసేయడం. పెళ్లినాటి చొక్కా కొలతే ఈనాటికీ కుట్టించుకునే మనిషి, ఆ అరవై రెండును మళ్లీ చూసుకోవలసిన పనే పడలేదు.

కుక్క పేరు బస్తా. పార్సిళ్ల మధ్య పుట్టి, వచ్చేపోయేవాళ్ల బిస్కెట్లు తిని తిని నిజంగానే బస్తా అయి కూర్చుంది. లేస్తే వెనక కాళ్లు వణుకుతాయి. "ఇరవై నాలుగు కిలోలుంది. పద్దెనిమిదికి దించకపోతే కాళ్లు పడిపోతాయి" అన్నాడు పశువుల డాక్టరు. ఆ రోజే తూకమాయన గ్లాసుకు మేకుతో సగంలో గీత గీశాడు. పూటకు ఆ గీత దాకానే తిండి. "దీనికి బిస్కెట్టు వేసినవాణ్ణి మూటకట్టి పార్సిల్ చేసేస్తా" అని గిడ్డంగి అంతటికీ చెప్పాడు. అది జరిగి నాలుగు నెలలు.

ఈ వేళ ముల్లు ఎనభై దగ్గర ఆగింది. అరవై రెండు తీసేస్తే పద్దెనిమిది! ఆయన ముఖం వెలిగింది. చేతులు మాత్రం లాగేస్తున్నాయి, వారం వారం కుక్క బరువెక్కుతున్నట్టే ఉంది. చేతులకేం తెలుసు, కాటా చెప్పాలి గానీ.

పాత స్నేహితుడు, హమాలీ, వంగి చూశాడు. "అన్నా, దీని మెడ పటకా ఇంకా చివరి కన్నంలోనే ఉంది. నీ బెల్టుకే కొత్త కన్నాలు పడుతున్నాయి."

"తోలు సాగిందిరా."

"సాగింది తోలో, తగ్గింది నువ్వో. దాన్ని దించి ఒక్కడివే నిలబడు."

ముల్లు యాభై ఆరు దగ్గర ఆగింది.

ముప్పై ఏళ్లు నమ్మిన కాటాను తప్పనడానికి ఆయనకు నోరు రాలేదు. కుక్క వైపు తిరిగి, "అయితే ఇది ఇంకా ఇరవై నాలుగేనన్నమాట" అన్నాడు.

"ముందు నీ సంగతి చూసుకో అన్నా."

సాయంత్రం దాకా ఎవరెవరి మూటలో తూచి, కుక్కను వెంటబెట్టుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో ఆయన రెండుసార్లు కూర్చున్నాడు, కుక్కా కూర్చుంది. ఇంట్లో రెండు ముద్దలు తిని కంచం జరిపేస్తే, భార్య దాన్ని మెల్లగా బల్ల కింద కుక్క ముందుకు దించబోయింది.

"ఇదా సంగతి" అన్నాడు.

"మీరు వదిలేసిందే కదండీ. రోజూ ఇంత పారబొయ్యడానికి చేతులు రావడం లేదు."

"గీత దాకానే పెట్టు. నేనున్నా, లేకపోయినా."

ఆమె ఎముక తేలిన ఆయన మణికట్టు చూసి, కంచం మళ్లీ పైకి తీసింది.

ఆ తర్వాత ఆయన్ని చేర్చిన ఆస్పత్రికీ ఇంటికీ రోజూ ఆమె నడిచిన దారంతా కుక్క కూడా నడిచింది. వానలు మొదలయ్యేసరికి ఇద్దరికీ ఆ దారితో పని లేకుండా పోయింది. గీత దాటి ఆమె ఏనాడూ పెట్టలేదు.

ఒక సోమవారం గిడ్డంగిలో హమాలీ ఎత్తుకోబోయేలోగా బస్తా తనంతట తనే కాటా ఎక్కి కూర్చుంది. పద్దెనిమిది. అందులోంచి తీసేయాల్సింది ఏమీ లేదు.

ఇంట్లో తలుపు వెనక ఆయన బెల్టు ఇంకా అలాగే వేలాడుతోంది, ఏళ్ల తరబడి అరిగి వెడల్పైన ఒక పాత కన్నం, దాని పక్కనే మేకుతో పొడిచిన మూడు కొత్త కన్నాలు.