పడిన ధరకు అమ్మిన ఇల్లు

హిందూపురంలో స్టేషనుకు పోయే దావలో పుట్టమ్మకు ఒక ఇల్లు ఉండేది. బెల్లం వ్యాపారం చేసిన మొగుడు పోతూ పోతూ ఆమెకు మిగిల్చింది అదొక్కటే. మధ్యలో గోడ పెట్టించి, ఒక సగంలో తానుంటూ, రెండో సగం దర్జీ వెంకటరాముడికి బాడుగకిచ్చింది. అతని భార్య నీలావతి. రుబ్బురోలు పుట్టమ్మ వైపు, బావి వాళ్ళ వైపు ఉండడంతో ఆడవాళ్ళిద్దరికీ ఒకరి ముఖం ఒకరు చూడకుండా పొద్దు గడిచేది కాదు. ఒకసారి పుట్టమ్మకు చలిజ్వరం వస్తే, నీలావతి ఆమె పక్కనే పడుకుని రాగిజావ తాపించి మనిషిని చేసింది.

పందొమ్మిది వందల అరవై ప్రాంతంలో, స్టేషను పక్కన పెద్ద మిల్లు వస్తుందని పుకారు పుట్టింది. చూస్తుండగానే ఆ వీధిలో ఇండ్ల ధరలు రెండింతలైనాయి. కప్పు కారకుంటే చాలనుకున్న మనుషులు అరుగుల మీద చేరి, "మాదెంత పలుకుతాది?" అని తప్ప ఇంకో మాట ఎత్తేవాళ్ళు కాదు. పుట్టమ్మ కూడా మారింది. నీలావతి గోడకు మేకు కొడితే అది తన ఒంట్లో దిగినట్టుండేది.

అప్పుడే పెనుకొండ నుంచి పుట్టమ్మ అన్న పెద్దప్ప రైలెక్కి వచ్చినాడు. ఆయనకు ఆ ఊర్లో నాలుగిండ్లు. జనం ఒక్కొక్కరే హిందూపురానికో ధర్మవరానికో తరలిపోతుంటే, వాటి ధర ఏటేటా దిగిపోయింది.

"ఇంగా పెరుగుతాదని కాచుకొని నేను మునిగిపోయినా. నువ్వన్నా ఇప్పుడే అమ్మేయమ్మా," అంటూ చెల్లెలి చేయి పట్టుకున్నాడు. అది ఆశ కాదు, భయం. తన గతి చెల్లెలికి పట్టకూడదని.

బెంగళూరు నుంచి ఒకాయన వచ్చి చూసి, బాడుగవాళ్ళను ఖాళీ చేయిస్తే ఆ సగం కొంటానన్నాడు. పుట్టమ్మ చెప్పలేక చెప్పలేక, చివరికి రోలు కాడ పిండి తోస్తూ చెప్పింది.

నీలావతి తల ఎత్తలేదు. "సరే అక్కా," అనింది.

పోయే ముందర ఆమె ఇల్లంతా తన చేత్తోనే సున్నం కొట్టింది.

"పోయేవాళ్ళకు సున్నమెందుకే?" అని అడిగింది పుట్టమ్మ.

"ఇన్నాళ్ళు ఉన్న ఇల్లు గదక్కా."

వాళ్ళు ధర్మవరం పోయినారు. అట్లా పోయినారో లేదో, మిల్లు ఇంకో ఊరికి తరలిందని తెలిసింది. బెంగళూరాయన మళ్ళీ కనబడలేదు. ధరలు ఎక్కినదానికంటే వేగంగా దిగినాయి. వీధంతా తలలు పట్టుకుని కూర్చుంటే, పుట్టమ్మకు మాత్రం చాలా నాళ్ళకు కంటినిండా నిద్ర పట్టింది. ఆ తర్వాతే అవతలి సగం ఎంత ఖాళీగా ఉందో తెలిసొచ్చింది. ఒకనాడు పిండి రుబ్బుతూ, "ఉప్పేసినావా?" అని అడిగి, ఎవరూ లేరని గుర్తొచ్చి, పిండి చేత్తో అట్లే కూర్చుండిపోయింది.

మరునాడు ధర్మవరం రైలెక్కింది. వాళ్ళు ఒకే గదిలో, వాకిలికి అడ్డంగా కుట్టుమిషను పెట్టుకుని కాపురముంటున్నారు. నీలావతి చాప పరిచి, నీళ్ళిచ్చి, మెల్లగా అడిగింది.

"ధర పడిపోయిందని మమ్మల్ని మళ్ళా పిలవడానికి వచ్చినావా అక్కా?"

పుట్టమ్మకు అబద్ధమాడ బుద్ధి పుట్టలేదు. "అవును. పెరిగే ఉంటే వచ్చేదాన్ని కాదేమో."

"మళ్ళా పెరిగితే?"

పుట్టమ్మ లేచి వచ్చేసింది. దావలో పెనుకొండలో దిగింది. పెద్దప్ప జరిగిందంతా విని, తాళమేసిన తన ఇండ్లలో ఒకదానికి ఆమెను తీసుకపోయి తలుపు తీసినాడు. గోడల నిండా చెదలు, దూలాల మీద పావురాలు.

"దీంట్లో బడి అయ్యవారొకాయన బాడుగకుండె. మంచోడు. ఎక్కువ ధర వస్తాదని ఖాళీ చేయించినా. ఇప్పుడు ఆయన పేరు గూడా గుర్తు రాలే," అన్నాడు.

పుట్టమ్మ ఊరికి పోకుండా అట్లే ధర్మవరానికి తిరుగు రైలెక్కింది.

"పెరిగితే నా మనసెట్ల తిరుగుతాదో నాకే తెలీదే నీలావతీ. నన్ను నేను నమ్మలేను. అందుకే ఇప్పుడే, పడివున్నప్పుడే, ఆ సగం మీకు అమ్మేస్తా. బాడుగ ఇచ్చినట్టే నెలనెలా ఇయ్యండి."

వెంకటరాముడు మిషను తొక్కడం ఆపినాడు. నీలావతి ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది.

"పడినప్పుడు అమ్మేవాళ్ళు లోకంలో ఉంటారా?" అని పెద్దప్ప గొణిగినాడు గానీ, రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సాక్షి సంతకం పెట్టింది ఆయనే.

వాళ్ళు మళ్ళా ఆ సగంలోకి వచ్చి చేరినారు. కొన్నేండ్లకు ధరలు నిజంగానే పెరిగినాయి. ఈసారి బేరగాళ్ళు వెంకటరాముడి వాకిట్లోకి వచ్చినారు. అతనికి అన్నం సయించలేదు. నీలావతి మేకు కొడితే విసుక్కున్నాడు. పుట్టమ్మకు ఆ రోగం తెలుసు. ఆమె అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"అమ్ముకోవాలనుంటే అమ్ముకో అప్పా. నీ ఇల్లు. ఆ జ్వరం నాకూ వచ్చింది. సిగ్గుపడాకు," అనింది. తర్వాత లోపలికి పోయి కండ్లు తుడుచుకుంది.

నీలావతి అంతా వినింది. తెల్లవారినాక గోడలు కట్టే మారెప్పను పిలుచుకొచ్చి, రెండిండ్ల నడిమి గోడలో వాకిలి కొట్టమనింది.

"ఇంగ దీన్ని సగానికి కోసి ఎవురు కొంటారో చూస్తా," అనింది మొగునితో.

వెంకటరాముడు మొదటి దెబ్బకు ఉలిక్కిపడినాడు. తర్వాత పంచె పైకి కట్టి మట్టి తట్ట ఎత్తుకున్నాడు. మధ్యాన్నానికి అందరికంటే గట్టిగా నవ్వుతున్నది అతనే.

ఆ పొద్దే పెద్దప్ప వచ్చినాడు. గోడలో కంత చూసి, "వచ్చే ధర చేతులారా పోగొట్టుకుంటాండారు గదమ్మా!" అన్నాడు.

"పోనీలే అన్నా," అనింది పుట్టమ్మ. "వాకిలి కొంచెం ఎత్తు పెట్టమను. నువ్వు పొడుగు, వచ్చిపోయేటప్పుడు తల తగులుతాది. ఆ తాళాల ఇండ్లలో ఒక్కడివే ఏముంటావు, ఈడే ఉండు."

పెద్దప్ప చెప్పులు విడిచి లోపలికొచ్చి, మారెప్ప కొలత తీసుకునేందుకు ఆ గోడ పక్కన నిటారుగా నిలబడినాడు.