లక్క ముద్ర వేసిన పెట్రోలు

శౌరయ్య తోలే వ్యానులో మండేది మిలిటరీ లారీల్లోంచి దొంగిలించిన పెట్రోలని బెజవాడ వన్‌టౌనులో అందరికీ తెలుసు. కళ్ళారా చూసిందెవరని అడిగితే మాత్రం ప్రతివాడూ పక్కవాణ్ని చూపించేవాడు, పక్కవాడు కాఫీ హోటలును చూపించేవాడు. హోటలులో ఆ మాట మొదట అన్నది ఎవరో ఎవరికీ గుర్తులేదు. మాట మాత్రం రోజురోజుకూ కండ పట్టింది. ఆఖరికి పెట్రోలు అందించే సిపాయికి ఎర్ర మీసాలుంటాయని కూడా తేలింది.

అది యుద్ధం నాలుగో ఏడు. కూపన్లు లేనిదే పెట్రోలు దొరికేది కాదు. బస్సులు వెనక బొగ్గు కుంపట్లు కట్టుకుని, ఆ గ్యాసుతో దగ్గుతూ నడిచేవి. నేతబట్టల వర్తకుడు వీరభద్రయ్యకూ, ఆయన బావమరిది చౌడయ్యకూ ఒకే రకం వ్యాన్లు ఉండేవి. ఇద్దరికీ వచ్చే కూపన్లు సమానమే. రెండు బళ్ళూ ఉయ్యూరు చుట్టుపక్కల మగ్గాల దగ్గరినుంచే బట్ట తెచ్చేవి. చౌడయ్య కూపన్లు ఇరవయ్యో తారీకుకల్లా అయిపోయేవి. వీరభద్రయ్య డ్రైవరు శౌరయ్య మాత్రం నెలాఖరున మిగిలిన కూపన్లను మడతపెట్టి తెచ్చి యజమాని చేతిలో పెట్టేవాడు.

ఆ మిగులే వీరభద్రయ్యకు మనశ్శాంతి లేకుండా చేసింది. ముప్పై ఏళ్ళ వర్తకం ఆయనకు నేర్పిన సూత్రం ఒకటుంది: తూచి ఇచ్చిన నూలుకంటె తిరిగొచ్చిన బట్ట బరువు తూగితే అందులో గంజి దట్టించినట్టే. లోకంలో దేనికైనా తరుగు సహజం. మిగులు కనిపించిందంటే ఎవరో ఎక్కడో ఏదో కలిపారన్నమాట.

ఒక బుధవారం చౌడయ్య కొట్లోకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"బావా, రేపు సాయంత్రం పెట్రోలు ఇన్‌స్పెక్టరు నీ కొట్టుకొస్తున్నాడు. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారట."

"రాసింది నువ్వు కాదు గదా?"

"రామ రామ! అక్క మొగుడి మీద రాస్తానా? ఆయనొచ్చేలోగా నువ్వే శౌరయ్యని పోలీసులకి అప్పగించు. లేకపోతే వాడితోపాటు నువ్వూ లోపలికి పోతావు. అక్క జైలుకి కేరేజీ మోసుకోవాలి."

"మూడేళ్ళుగా నమ్మకంగా ఉన్నాడయ్యా."

"దొంగన్నవాడు నమ్మకంగా ఉండక మరెలా ఉంటాడూ? మా మాణిక్యం పన్నెండేళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. వాడికే గాలనుకి పదహారు మైళ్ళు. మొన్నటిదాకా కాలవలో పడవ తోసుకున్నవాడికి ఇరవై పైనా?"

లోపలినుంచి వీరభద్రయ్య భార్య సుబ్బరత్నం అందుకుంది.

"ఏమండీ, బట్టలో గంజి ఉందని అనుమానమొస్తే మీరేం చేస్తారు? ఉతికి చూస్తారు గదా. ఇదీ ఉతికి చూడండి. చూడకుండానే ఒక మనిషిని జైల్లో పెట్టిస్తారా?"

గురువారం పొద్దున్నే చౌడయ్య ఎదుటే ట్యాంకు ఖాళీ చేయించి, సరిగ్గా రెండు గాలన్లు కొలిచి పోయించారు. ఉయ్యూరు వెళ్ళి రావడానికి నలభై మైళ్ళు. మాణిక్యం లెక్క ప్రకారం రెండు గాలన్లతో ముప్పై రెండు మైళ్ళు దాటకూడదు. మూతకు అడ్డంగా తాడు బిగించి, ముడి మీద లక్క కరిగించి, బట్ట బేళ్ళకు వేసే ముద్ర వేశాడు వీరభద్రయ్య.

చూస్తూ నిలబడ్డ శౌరయ్య ముఖం ఒక్క క్షణం నల్లబడింది. అంతలోనే సర్దుకున్నాడు.

"మంచిదండి. ఆ లక్కేదో నా నోటిక్కూడా వేసెయ్యండి అయ్యగారూ. దారిలో తాగేశానంటారేమో. మూత మీద చిన్న చిల్లుందండి, దాన్ని మాత్రం మూయకండి. గాలాడకపోతే పెట్రోలు దిగదు."

"విన్నావా బావా? చిల్లు వదలమంటున్నాడు!" అన్నాడు చౌడయ్య.

"సూది కూడా దూరని చిల్లులోంచి గాలను పెట్రోలు పోయగలిగితే, ఈ ఉద్యోగమెందుకురా తమ్ముడూ, గారడీ చేసుకు బతకడూ?" అంది సుబ్బరత్నం.

చిల్లు వదిలేశారు. వీరభద్రయ్య డ్రైవరు పక్కన కూర్చుని, రోడ్డు మానేసి శౌరయ్య కాళ్ళూ చేతులూ చూడసాగాడు.

ఊరి రైలుగేటు పడి ఉంది. గేటు పక్కనే ఒక మిలిటరీ లారీ. శౌరయ్య ఇంజను ఆపి కిందికి దిగాడు. వీరభద్రయ్యా గబగబా దిగాడు. లారీ దగ్గరున్న సిపాయికి ఎర్ర మీసాలు కాదు, అసలు మీసాలే లేవు.

"ఎందుకు ఆపావు? ఎవరికోసం?"

"రైలుకోసమండి."

మిలిటరీ గూడ్సు తాపీగా పోతోంది. శౌరయ్య అద్దం తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆఖరి పెట్టె కనబడగానే ముందుకెళ్ళి హేండిలు తిప్పాడు. నాలుగో తిప్పుకు ఇంజను అందుకుంది.

"బండి నిలబడున్నప్పుడు ఇంజను తిరిగితే ఎవరికండి లాభం? ఆపితే మళ్ళీ హేండిలు తిప్పాలని మా డ్రైవర్లు ఆపరు. చేతికి పెట్రోలు పొయ్యక్కర్లేదు గదండి."

ఇంత సూటిగా మాట్లాడే మనిషిని నమ్మకూడదని వీరభద్రయ్య అనుభవం.

బందరు రోడ్డెక్కాక బండి ఒకే వేగాన సాగింది, ఎద్దులబండ్లకంటె కాస్త నయం. ఎక్కడో దూరాన గేదెల మంద రోడ్డుకు అడ్డం పడుతుంటే శౌరయ్య అప్పుడే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు. వ్యాను తనంతట తనే జారుతూ మందను చేరేసరికి గేదెలు తప్పుకున్నాయి. బ్రేకు అవసరమే రాలేదు.

"అంత దూరంనుంచే కాలు తీశావేం?"

"పదేళ్ళు ఈ కాలవలోనే ధాన్యం పడవ నడిపానండి. రేవు కనబడ్డాక కూడా గడ వేసేవాడు రేవుని గుద్దుతాడు. తోసిన బలమూ దండగ, ఆపే బలమూ దండగ."

ఉయ్యూరులో బట్ట ఎక్కిస్తుండగా శౌరయ్య కనిపించకుండా పోయాడు. పావుగంట తరవాత తడి గోనె చుట్టిన డబ్బా ఒకటి మోసుకొచ్చాడు. వీరభద్రయ్య అమాంతం వెళ్ళి గోనె లాగేసి, డబ్బాలో వేలు ముంచి వాసన చూశాడు. బందరు కాలవ ఒండ్రు వాసన.

"ఇంజనుకి నీళ్ళండి," అన్నాడు శౌరయ్య. డబ్బా కింద పెట్టి, "టైర్లలో గాలి కొట్టడానికి ఆ సైకిలు కొట్టుకెళ్ళి పంపు తేవాలండి. తమరూ వస్తారా?" అని అడిగాడు. వీరభద్రయ్య తల తిప్పుకున్నాడు. కాని పంపు వచ్చేదాకా ట్యాంకు పక్కనుంచి కదల్లేదు.

తిరుగుదారిలో కంకిపాడు దాటింది. మాణిక్యం లెక్క ప్రకారం బండి ఆగిపోవలసిన చోటు వచ్చింది, వెనకబడింది. ఇంజను చప్పుడులో తేడా లేదు. వీరభద్రయ్యకు సంతోషం కలగవలసింది. అనుమానమే పెరిగింది. పెనమలూరు దగ్గర బండి ఆపించి, దిగి, ముద్రను గోటితో గీకి చూశాడు. తన ముద్రే.

సాయంత్రం కొట్టు ముందు ఇన్‌స్పెక్టరూ చౌడయ్యా నిలబడి ఉన్నారు. ఇన్‌స్పెక్టరు స్వయంగా లక్క పగలగొట్టి పెట్రోలు కొలిపించాడు. పావుగాలనుకు కాస్త తక్కువ మిగిలింది.

"అయితే మహత్తు బండిలోనే ఉందండీ. ఇంజను మంచిది పడ్డట్టుంది," అన్నాడు చౌడయ్య.

వీరభద్రయ్య బావమరిదివంక చాలాసేపు చూశాడు. ఆ అనుమానపు చూపు పొద్దుటినుంచి శౌరయ్య మీద ఉన్నదే.

"రేపు ఇదే బండిని మీ మాణిక్యానికి ఇద్దాం. అయ్యా, ముద్ర ఈసారి తమరే వెయ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో.

శుక్రవారం మధ్యాహ్నం శౌరయ్య సైకిలుకు పెట్రోలు డబ్బా కట్టుకుని, మాణిక్యం కోసం బందరు రోడ్డు పట్టాడు. కంకిపాడుకూ పెనమలూరుకూ మధ్య, ముప్పై మూడో మైలు దగ్గర వ్యాను ఆగిపోయి ఉంది. బండి అదే, దారి అదే, పోసింది రెండు గాలన్లే. లక్క చెక్కుచెదరలేదు.