గోడకు చెప్పిన జవాబు

గార్లలో మా వ్యవసాయ మోటర్ల రైతు సంఘానికి ఒక పాడు అలవాటు ఉండేది. రైతుల సందేహాలకు జవాబులు నేనే రాసి సంఘం ఆఫీసు గోడకు అంటించేవాణ్ణి. అక్కడ ఉన్నదే ఎవరైనా మళ్ళీ అడిగితే అందరం చప్పట్లు కొట్టి వెక్కిరించేవాళ్ళం.

1984లో ఒక మంగళవారం, తండా నుంచి దస్రు మొదటిసారి వచ్చాడు.

"కరుణాకరన్నా, మోటర్ షాక్ కొడుతున్నది. ముట్టేముందు ఏం చెయ్యాలె?"

నాకు ఒళ్ళు మండింది. మూడుసార్లు దిద్ది రాసిన కాగితం అతని నెత్తి మీదే వేలాడుతోంది.

"గోడ మీదున్నది, సదువుకో పో!"

చప్పట్లు మోగాయి. దస్రుకు చదువు రాదు. మేము మర్యాద చేస్తున్నామనుకుని నవ్వి, అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఆ మోటరే పట్టుకుని చచ్చిపోయాడు.

మరుసటి మంగళవారం అతని భార్య రుక్కి గొడ్డలితో వచ్చింది. మొదటి దెబ్బకు నా బల్ల విరిగింది. రెండోది నా భుజంలో దిగింది. చప్పట్లు కొట్టిన చేతుల్లో ఒక్కటీ అడ్డం రాలేదు. ఆమె నన్ను జుట్టు పట్టి గోడ దగ్గరికి ఈడ్చి, మెడ మీద గొడ్డలి ఆనించింది.

"సదువు."

నెత్తురు కారుతుండగా చదివాను: "మోటర్ ముట్టేముందు ఫ్యూజులు తీయాలి."

"ఇంకా?"

"అంతే."

గొడ్డలి కిందికి జారింది.

"గింతేనా? గోడకు చెప్పినవు గని, నా మొగనికి చెప్పకపోతివి."