రంగు కింది ఎరుపు

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలు. లేవగానే ఆమె చేసే మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు, ముఖానికి రంగు వేసుకోవడం. స్నానాలగది గడియ పెట్టుకుని, ఎరుపు కనబడకుండా ముందు ఆకుపచ్చ క్రీము అద్దుతుంది. ఆ పచ్చదనం మీద ఒంటిరంగు క్రీము, దాని మీద పౌడరు. పార్లరులో పెళ్ళికూతుళ్ళకు చేసే పనే ఇది. వాళ్ళు డబ్బిచ్చి చేయించుకుంటారు, ఈమె మాట పడకుండా ఉండటానికి చేసుకుంటుంది.

పార్లరులో ఉద్యోగం కాబట్టి అత్తగారు ఆమెకు రంగులమ్మ అని పేరు పెట్టింది. పిలిస్తే ముద్దు చేసినట్టూ ఉంటుంది, పొడిచినట్టూ ఉంటుంది. ఇంట్లో ఎవరికీ అసలు పేరు గుర్తున్నట్టు లేదు గనక మనమూ అలాగే పిలుచుకుందాం.

ఆ పొద్దున టీపొడి డబ్బా మూత రాలేదు. రంగులమ్మ వేళ్ళు తెల్లవారేసరికి ఉబ్బి, బిగుసుకుపోయి, ఇంకెవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉంటాయి. తువ్వాలు చుట్టి తిప్పింది. పళ్ళతో పట్టి లాగింది. చివరికి నేల మీద కూర్చుని డబ్బాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటుండగా అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మూత తియ్యడం కూడా చేతకాకపోతే ఇంక కాపురమేం చేస్తావే? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రోజుకో నొప్పి చెప్తావు."

ఆవిడ చెడ్డదేం కాదు. ఒంట్లో జ్వరం పెట్టుకుని ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి. తను పడ్డదంతా కోడలు కూడా పడితేనే లెక్క సరిపోతుందని ఆవిడ నమ్మకం. రంగులమ్మ మూతతోనే కుస్తీ పట్టింది. బదులు అనాలంటే నోట్లో పుళ్ళు, అదొకటి. అని ఏం ప్రయోజనం అన్నది ఇంకొకటి.

ఈ ఎరుపు మొదలైంది మేడ మీద దుప్పట్లు ఆరేసి వచ్చిన రోజున. ఎండ తగిలిందనుకుంది. ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ పాకి, సాయంత్రానికి మంట పుట్టింది. అత్తగారు చూసి, "కప్పుకోవే. చూసినవాళ్ళు మావాడు చెంపలు వాయించాడనుకుంటారు" అంది. పార్లరు యజమానురాలు మరునాడు అద్దం ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టింది. "ఈ ముఖం చూస్తే మన దగ్గరికి ఎవరొస్తారమ్మా? ముందు నీది సరిచేసుకో, తర్వాత వాళ్ళది ముట్టుకో." ఇద్దరూ చెప్పింది ఒకటే కదా అని రంగులమ్మ కప్పుకుంది. ఎరుపు తగ్గేది, ఎండలోకి వెళ్తే మళ్ళీ వచ్చేది. కప్పుకోవడం మాత్రం మానలేదు.

మొగుడు కొట్టే రకం కాదు. వినే రకం కూడా కాదు. అతను లేచేసరికి ఆమె ముఖం తయారుగా ఉంటుంది, పడుకునేటప్పుడు దీపం ఆరిపోయి ఉంటుంది. "సాయంత్రమయితే ఒళ్ళు వెచ్చబడుతోందండీ" అంటే, "పని చేసే ఒళ్ళు వెచ్చగా కాక చల్లగా ఉంటుందా" అని నవ్వేవాడు. దువ్వెన నిండా జుట్టు చూపిస్తే, "పార్లరులో పనిచేస్తూ జుట్టు రాలుతోందంటావేంటి, వింటే నవ్విపోతారు" అన్నాడు. నిజమే, వినడానికి నవ్వులాటగానే ఉంది. ఆ రాత్రి ఆమె దువ్వెన కడుగుతూ ఏడ్చింది.

పార్లరులో ఒకరోజు కనుబొమలు సరిచేస్తుండగా దారం జారింది. పళ్ళ మధ్య ఒక కొస, రెండు చేతుల వేళ్ళకు మిగతాది, బిగువు సమంగా ఉంటేనే వెంట్రుక పైకి వస్తుంది. వేళ్ళు పట్టు తప్పాయి. కస్టమర్ కనురెప్ప మీద రక్తం చుక్క తేలింది. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పని అది. యజమానురాలు కేకలు వెయ్యలేదు. "కొన్నాళ్ళు కాళ్ళ దగ్గర కూర్చో" అంది. ఆ మాట కేకకంటే గట్టిగా తగిలింది. అప్పట్నుంచి వచ్చినవాళ్ళ పాదాలు కడుగుతోంది. చల్లని నీళ్ళలో చేతులు పెడితే వేళ్ళ కొసలు సున్నం వేసినట్టు తెల్లబడతాయి, తర్వాత నీలంగా మారతాయి. ఎవరైనా చూస్తారేమోనని వాటినీ తువ్వాలు కింద దాస్తుంది.

మొగుడు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళలేదని అనడానికి లేదు. నోటి పుళ్ళకు పళ్ళ డాక్టరు, కీళ్ళకు ఎముకల డాక్టరు, నీరసానికి వీధి చివర డాక్టరు. ఒకే ఒంటిని ముక్కలు ముక్కలుగా తలా ఒకరికి చూపించి వచ్చింది. వెళ్ళే ప్రతిసారీ అతను బండి తీస్తూ ఒకే మాట అనేవాడు. "నలుగురిలోకి వెళ్తున్నాం, కాస్త మనిషిలా తయారవ్వు." ఆమె తయారయ్యేది. డాక్టరు తలెత్తి చూసి, "చూడటానికి బాగానే ఉన్నారే" అని బలానికి మాత్రలు రాసేవాడు.

ఇప్పుడు పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదు. అందుకని ఈ కొత్త ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మ పెద్దావిడ. తొందరపడే మనిషిలా లేదు. రంగులమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని మడిచి చూసింది.

"పొద్దున్నే బిగుసుకుపోతాయా?"

"అదేం లేదండీ, పని ఎక్కువ" అన్నాడు మొగుడు.

"జుట్టు?"

"అందరికీ రాలుతుంది కదండీ."

"మూత్రంలో నురుగు కనిపిస్తోందా?"

ఈసారి మొగుడు ఆమెవైపు చూశాడు. రంగులమ్మ తల ఊపింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది.

"ముక్కు మీద, బుగ్గల మీద ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా? ఎండకు ఎక్కువవుతుందా?"

"లేదండీ" అన్నాడు మొగుడు, కాస్త గర్వంగానే. "ముఖానికేం జబ్బు లేదు. మీరే చూస్తున్నారుగా, ఎంత శుభ్రంగా ఉందో."

అతను అబద్ధం చెప్పడం లేదు. రంగులమ్మకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఈ మనిషి పక్కనే పడుకుంటోంది, ఈ మనిషికే వండిపెడుతోంది, ఏడాది పైగా ఇతను తన ముఖం చూడలేదు. చూడనివ్వకుండా చేసిందీ తన చెయ్యే. ఎంత బాగా కప్పిందంటే, డాక్టర్లకు కూడా జబ్బు కనబడనంత బాగా.

సంచిలో రంగు తుడిచే పార్లరు సీసా ఉంది, దూది ఉంది. సీసా మూత ఆమె వల్ల కాలేదు. డాక్టరమ్మ అందుకుని తిప్పి ఇచ్చింది. రంగులమ్మ కస్టమర్లకు తుడిచినట్టే, నుదుటి నుంచి మొదలుపెట్టి మెల్లగా తుడుచుకుంది. పౌడరు పోయింది, ఒంటిరంగు పోయింది, ఆకుపచ్చ పోయింది. ముక్కు మీద రెక్కలు పరిచినట్టు ఎరుపు బయటపడింది.

"ఇదెప్పట్నుంచి?" అన్నాడు మొగుడు. ముందుకు వంగి చూశాడు. "నాకు చెప్పాలి కదా."

డాక్టరమ్మ అతనికి కాక ఆమెకే చెప్పింది. "లూపస్ అని ఒకటుందమ్మా. ఇంటికి కాపలా ఉండాల్సిన కుక్క ఇంట్లోవాళ్ళనే కరిచినట్టు, రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన కణాలే ఒంటి మీద పడతాయి. అదేనని అనుమానంగా ఉంది. రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి, వెంటనే. కిడ్నీల దాకా వెళ్ళిందేమో చూడాలి. మందులున్నాయి, అదుపులో ఉంచుకోవచ్చు. ముందే వచ్చి ఉంటే బాగుండేది."

ముందే వచ్చింది. అన్ని ఆసుపత్రులకూ వెళ్ళింది. రంగులమ్మ రంగంటిన దూదిని ఒళ్ళో పెట్టుకుంది.

మొగుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వేళ్ళు ఎప్పటికి సర్దుకుంటాయండీ? ఇంట్లో అమ్మ ఒక్కతే, అన్నీ చేసుకోలేకపోతోంది."

డాక్టరమ్మ మళ్ళీ పెన్ను తీసుకుంది. "ఒంట్లో మొదట తేడా తెలిసింది ఎప్పుడమ్మా?"

మొగుడు నోరు తెరిచాడు. రంగులమ్మ అతనివైపు తిరిగింది. తుడిచిన ముఖంతో, ఎర్రగా, మండుతూ.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. "ఇది జరిగింది నాకు."