వట్టికాళ్ళతో ఎమ్మిగనూరుకు

చెప్పులు లేకుండా మోటారు నడిపితే ఆరు నెలల జైలని ఆదోనిలో అందరికీ తెలుసు. పత్తి మండీలో తెలుసు, కోర్టు వరండాలో తెలుసు, మా వీధిలో పాలు పోసే ఆమెకూ తెలుసు. ఆ శిక్ష ఎవరికి పడిందని అడిగితే, ఎమ్మిగనూరులో ఒకాయనకు అనేవారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన బంధువులను అడిగితే ఆదోనిలో ఒకాయనకు అనేవారు. హొళగుంద వాళ్ళు ఇంకొంచెం దూరం పోయి బళ్ళారి అనేవారు. జైలుకు పోయిన మనిషి ఎప్పుడూ పక్క ఊరివాడే కావడం నాకు వింతగా తోచేది. ఒక వస్తువు ఉందని అందరూ అంటూ ఎక్కడుందో ఎవరూ చూపలేకపోతే, అది అసలు ఉందా అని ముందు అడగాలని కాలేజీలో మా ఫిజిక్సు లెక్చరరమ్మ నేర్పింది. ఆ ప్రశ్న మెట్టినింట్లో ఎలా అడగాలో మాత్రం ఆమె నేర్పలేదు.

అది రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు. మావారు వాదిరాజరావుగారు ఆదోనిలో ప్లీడరు. బళ్ళారికి మారిపోతున్న ఒక డాక్టరు దగ్గర ఆయన నల్ల కారు కొన్నారు. లైసెన్సు కూడా సంపాదించారు. కొన్న కొత్తలో ఆ కారును మండీ బయట పేర్చిన పత్తి బస్తాల మీదికి ఒకసారి, మా ఇంటి అరుగు మీదికి ఒకసారి ఎక్కించారు. పత్తి మెత్తటిది గనుక మొదటి సంగతి ఊరికి తెలియలేదు. అరుగు మెత్తటిది కాదు. ఆ తర్వాత పుల్లన్న అనే డ్రైవరును పెట్టుకున్నారు. పుల్లన్న ఆర్నెల్లు పనిచేసి, జిన్నింగు మిల్లు లారీ మీద మంచి పని దొరికి పోతూ, పోయేముందు స్టేషను వెనక మైదానంలో నాకు కారు నడపడం నేర్పాడు. మీకు కాలు నిదానముండాది తల్లీ, అయ్యకు లేదు అన్నాడు. ఆ మాటను మావారి చెవిన పడనివ్వలేదు. కానీ పుల్లన్న పోయిన మరునాడే మావారు నిద్రలేస్తూ, కోర్టుకు కారు తీయమని నాకే చెప్పారు.

అప్పటినుంచి తెల్లవారుజామున మడి కట్టుకుని వంట ముగించడం, మడి విప్పి రేడియేటరులో నీళ్ళు పోయడం, అద్దం తుడవడం, ఆయనను కోర్టు దగ్గర దింపడం, వచ్చి అత్తయ్యకు పలహారం పెట్టడం, మధ్యాహ్నం ఆయన కక్షిదారులను రైలు దగ్గరికి చేర్చడం, గురువారం గురువారం అత్తయ్యను మంత్రాలయం తీసుకుపోవడం నా దినచర్య అయింది. పుల్లన్నకు జీతముండేది, నాకు పుల్లన్న పని ఉండేది. కోర్టు ఇంకో ఫర్లాంగు ఉందనగా వేపచెట్టు కింద కారు ఆపించి, మావారు స్టీరింగు ముందు కూర్చునేవారు. నేను దిగి వెనక సీటులో కూర్చునేదాన్ని. ఆ చివరి ఫర్లాంగు కారు ఎద్దుబండి కన్నా నెమ్మదిగా పోయేది. జనం దాన్ని ప్లీడరుగారి హుందాతనం అనుకునేవారు. వెనక కూర్చుని నేను, ఆయన పాదం క్లచ్చి మీద వణకడం చూస్తూ, నా పాదాన్ని కారు నేలకు అదిమి పట్టేదాన్ని. దాని వల్ల కారుకు ఏ ప్రయోజనమూ లేదని తెలిసినా అదిమేదాన్ని. సంసారంలో నేను చేసిన పనుల్లో సగం అలాంటివేనేమో అని అక్కడ కూర్చున్నప్పుడే మొదటిసారి అనిపించింది.

ఇక చెప్పుల సంగతి. ఆ ఏడు దసరా ఆయుధపూజకు మా అత్తయ్య తులసీబాయిగారు కారుకు ముందు, వెనక, లోపల, చివరికి పెడళ్ళకు కూడా పసుపు కుంకుమలు పెట్టి, స్టీరింగు ముందు మంత్రాలయం స్వామి, మా రాయర పటం నిలిపింది. ఆ రోజు నుంచి కారులో చెప్పులు నిషేధం. నాకు దానివల్ల నష్టమేమీ కనబడలేదు. అరికాలికీ పెడలుకూ నడుమ తోలు లేకపోతే ఎంత ఒత్తిడికి బండి ఎంత కదులుతుందో ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. ఎండాకాలం మాత్రం పెడలు పెనంలా కాలేది. తడిపిన గోనెపట్టా ముక్క పరిచి ఆ బాధను తప్పించుకున్నాను.

బాధ వేరేచోట మొదలైంది. ఎమ్మిగనూరు ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పడానికి టీచరు లేదని, వస్తారా అని ఆ బడివాళ్ళు అడిగారు. పొద్దుటి బస్సు అక్కడికి చేరేసరికి రెండో పీరియడు అయిపోతుంది. కారుంది. కోర్టు మా ఇంటికి నడిచిపోయే దూరమే. కావలసిందల్లా లైసెన్సు. భోజనం వడ్డిస్తూ ఆ మాట ఎత్తాను.

మావారు చారన్నం కలుపుతూనే, "వట్టికాళ్ళతో తోలేదానికి లైసెన్సు ఎవరిస్తారు? పోయి అడిగితే జైలు. నేను ప్లీడర్ని, నాకు తెలీదా?" అన్నారు.

చెప్పులు వేసుకుంటానన్నాను. అమ్మను అడుగు అన్నారు. అత్తయ్యను అడిగితే, రాయరు కూచున్న బండ్లో చెప్పులా, నేను బతికుండగా కాదు అంది. వేసుకుంటే పాపం, విప్పితే నేరం. తల్లీకొడుకులు ఇద్దరూ ఎప్పుడూ ఒక మాట మీద నిలబడినవాళ్ళు కారు; నా దారికి చెరొక వైపు నిలబడటంలో మాత్రం ఎంత చక్కగా కుదిరారో అనుకున్నాను. అది ఏ సెక్షను అని మావారిని ఇంకోసారి అడిగాను. సెక్షన్లు ఆడవాళ్ళకు చెబితే అర్థమయ్యేవి కావని, ఊరగాయ వెయ్యమని అన్నారు. ఊరగాయ వేశాను. వేస్తూ, వదంతిని పరీక్షించే మార్గం ఒక్కటే ఉందనుకున్నాను.

ఆ గురువారం మంత్రాలయానికి బయలుదేరి, దారిలో పోలీసు స్టేషను ముందు కారు ఆపాను. వెనక సీట్లో తులసిమాల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న అత్తయ్య, ఇక్కడ ఏముందని అడిగింది. చిన్న పని అన్నాను. వట్టికాళ్ళతోనే లోపలికి పోయాను.

సబిన్‌స్పెక్టరు నరసన్న కుర్చీ చూపించి, ఎవరి మీద కంప్లైంటమ్మా అని మర్యాదగా అడిగాడు. నా మీదే అన్నాను. చెప్పులు లేకుండా కారు నడిపాననీ, ఇప్పుడూ అలాగే వచ్చాననీ, కారు బయటే ఉందనీ, చట్టప్రకారం చేయవలసింది చేయమనీ చెప్పాను. ఆయన ఉద్యోగంలో తనను అరెస్టు చేయమని తానే వచ్చిన మనిషిని చూసినట్టు లేదు. హెడ్డు కానిస్టేబులు బజారి వైపు తిరిగాడు.

"ఔ సార్, ఆరు నెలలే," అన్నాడు బజారి. "ఎమ్మిగనూర్లో ఒకాయప్పకు పడిండాది."

"నువ్వు సూసినావా?"

"మా బామ్మర్ది సెప్పినాడు సార్."

"వాడు సూసినాడా?"

"వానికెవురో సెప్పినారంట."

నేను లేచి నమస్కారం పెట్టబోయాను. మా లెక్చరరమ్మ నేర్పిన ప్రశ్న ఆదోనిలో ఇంకొకరి నోట వినడం అదే మొదలు. నరసన్న బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగి, పెడళ్ళ మీది కుంకుమ చూసి, వెనక సీట్లోని అత్తయ్యకు దండం పెట్టి, నా వైపు తిరిగాడు.

"కాళ్ళ సంగతి ఇడ్సిపెట్టండమ్మా. లైసెన్సు సూపీండి."

లేదన్నాను. బండి ఎవరిదన్నాడు. మావారిదన్నాను. మీరు తోలేది ఆయనకు తెలుసా అన్నాడు. నేను జవాబు వెతుక్కునే లోపల కారు లోంచి అత్తయ్య జవాబు చెప్పింది.

"తెలియకేమప్పా. వాణ్ణి దినామూ కోర్టు కాడ దింపేది ఈమెనే కదా. వాడు తోలితే నేనెక్కుతానా? ఒకసారి అరుగెక్కించినాడు."

బజారి గోడవైపు తిరిగి నవ్వు మింగాడు. కోర్టుకు మనిషి పోయాడు. మావారు నల్లకోటుతో, బూట్లతో, ఎంతో వేగంగా నడిచి వచ్చారు. కోర్టు నడిచిపోయే దూరమే అన్న నా వాదానికి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. వచ్చీరాగానే వట్టికాళ్ళ చట్టం గురించి ఇంగ్లీషులో మొదలుపెట్టారు. నరసన్న ఓపికగా విని, అది ఏ సెక్షను సార్, నాకూ తెలుసుకోవాలనుంది అన్నాడు. మావారు కోటు గుండీలు సర్దుకున్నారు. వెయ్యమనడానికి ఊరగాయ దగ్గర లేదు.

"కాళ్ళకు కేసు లేదు సార్," అన్నాడు నరసన్న. "లైసెన్సుకుండాది. లేకుండా తోలినందుకు అమ్మ మీద ఒకటి, తెలిసీ తోలనిచ్చినందుకు మీ మీద ఒకటి."

మావారు గొంతు తగ్గించి, ఆడమనిషి, తెలియక చేసింది అన్నారు.

నా పెళ్ళయినప్పటినుంచి ఎన్నో సందర్భాల్లో ఆ వాక్యం నా తరఫున ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. చారులో ఉప్పు ఎక్కువైనప్పుడు చెప్పారు, గ్రహణం నాడు వీధి పిల్లలకు సూర్యుణ్ణి అద్దంలో చూపినప్పుడు చెప్పారు. ప్రతిసారీ తల వంచుకుని, తెలియకుండా చేసినదాన్నే అయ్యాను. ఇది మాత్రం నేను తెలిసి చేసిన పని.

"తెలిసే చేశాను," అన్నాను. "ఇద్దరి మీదా రాయండి."

నరసన్న కలం కింద పెట్టాడు. మావారు నన్ను చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. కారు హారను తనంతట తాను మోగినప్పుడు చూసే చూపు అది. చివరికి నరసన్న, ఈసారికి ఇడ్సిపెడతాండానని చెప్పి, అమ్మకు పద్ధతి ప్రకారం లైసెన్సు తీయించే దాకా ఆమె బండి తాకగూడదని మావారిని ఒప్పించాడు. అయితే ఇప్పుడు బండి ఇంటికి ఎవరు తీసుకుపోవాలి? లైసెన్సున్నది మావారికే. ఆయన స్టీరింగు ముందు కూర్చోగానే వెనక తలుపు తెరుచుకుంది. అత్తయ్య బుట్టతో సహా దిగింది.

"నేను నడుస్తా," అంది.

నేనూ ఆమెతో నడిచాను. మేము ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగిన తర్వాత కారు వచ్చింది. రాయర దర్శనం తప్పిన గురువారం అత్తయ్య జీవితంలో అదే మొదటిదట. కొడుకు లోపలికి అడుగు పెట్టీపెట్టకముందే, దానికి ఆ లైసెన్సేదో తొందరగా తెప్పించు, నాకు గురువారాలు పోతాండాయి అంది. నాకు లైసెన్సు రావడం రాయర మహిమేనని ఆమె బతికున్నన్నాళ్ళూ నమ్మింది. నేను వాదించలేదు. కారణాన్ని తప్పుగా చెప్పినా ఫలితం సరిగ్గానే ఉంది.

పరీక్షకు కర్నూలు నుంచి మోటారు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కారు తలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. ఆయన బూట్లు కూడా విప్పించింది. ఇద్దరమూ వట్టికాళ్ళతోనే కూర్చున్నాము. రెండు పత్తి బండ్ల మధ్యగా కారును వెనక్కి నడిపి చూపించాను. ఆయన సంతకం పెట్టి, బూట్లు తొడుక్కుని, ఏమీ అనకుండా పోయాడు. ఆ మరునాటి నుంచి మావారు కోర్టుకు నడిచిపోయారు. డాక్టరు నడవమన్నాడని తోటి ప్లీడర్లకు చెప్పారట.

ఎమ్మిగనూరు బడిలో మొదటిరోజు. కారు ఆపి, వెనక డిక్కీలోంచి చెప్పులు తీసి తొడుక్కుంటూ ఉంటే ఆయా హనుమంతమ్మ గాబరాగా దగ్గరికి వచ్చింది.

"సెప్పులేసుకొనే తోలండి తల్లీ. ఆదోనిలో ఒక ప్లీడరు పెండ్లాము వట్టికాళ్ళతో తోల్తే పోలీసులు పట్టుకపోయినారంట. ఆరు నెలలు."

"ఆమె ఇప్పుడు యాడుంది హనుమంతమ్మా?" అన్నాను.

"ఇంకా యాడ తల్లీ, జైల్లోనే."

గంట కొట్టారు. నేను సుద్దముక్క తీసుకుని మొదటి పీరియడుకు వెళ్ళాను. మోటారు వాహనాల చట్టంలో డ్రైవరు చెప్పుల ప్రస్తావన ఎక్కడా లేదు.