గ్యాలన్‌కి తొమ్మిది మైళ్ళు

మోటర్‌హోమ్‌లో ఫ్రిజ్ తలుపు మీద ఆ కాగితం ఏడేళ్ళు ఉంది. 2015 మే నెలలో ఒక శనివారం, బండి కొనుక్కున్న మనిషి తల్సా నుంచి వస్తానన్న రోజు పొద్దున, నోయెల్ దాన్ని తీయబోయాడు. టేపు తలుపుకి అతుక్కుపోయింది. చాకు మొన పెట్టి నాలుగు వైపులా లేపాడు.

కాగితం మీద ఆరు వరసలున్నాయి. తేదీ, రూటు, డ్రైవరు, కండక్టరు, మైలేజి. రాత వాళ్ళ నాన్న దైవాశీర్వాదంది. ఆయన పోయి రెండేళ్ళయింది. డ్రైవరు గడిలో ఆరుసార్లూ నోయెల్ పేరే ఉంది. కండక్టరు గడి ఐదు వరసల్లో ఖాళీ. ఆరో వరసలో ప్రేమజ్యోతి అని ఉంది.

"జ్యోతీ, నాన్న ఇక్కడ నీ పేరెందుకు రాశాడు?"

సింకు కింద అర ఖాళీ చేస్తున్న భార్య తల బయటికి పెట్టింది. "ఏడేళ్ళకి అడుగుతున్నావా?"

"కోడలంటే ఇష్టం కదా, అందుకనుకున్నాను."

"ఇష్టమే. కానీ అందుకు కాదు."

ఆ బండిని నోయెల్ 2007 చివర్లో కొన్నాడు. అప్పటికే అది తొమ్మిదేళ్ళ నాటిది. పొడవు ఇరవై తొమ్మిది అడుగులు. పది సిలిండర్ల పెట్రోలు ఇంజను; అక్కడ పెట్రోలుని గ్యాస్ అంటారు. డ్రైవరు సీటు వెనక వంటిల్లు, దాని వెనక బాత్రూమ్, చివర మంచం. ప్లేనోలో ఇంటి ముందు ఆపితే డ్రైవ్‌వే దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చేది. కాలనీ అసోసియేషన్ వాళ్ళు రెండు ఉత్తరాలు రాశారు. మొదటి ట్రిప్‌కి గ్యాల్వెస్టన్ వెళ్ళి వస్తే గ్యాలన్‌కి ఆరు పాయింటు తొమ్మిది మైళ్ళు వచ్చింది.

2008 జూన్ నాటికి గ్యాలన్ గ్యాస్ నాలుగు డాలర్లకి చేరింది. ప్రేమజ్యోతి హాస్పిటల్లో నర్సు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చిన ఒక రోజు బండి అమ్మే మాట ఎత్తింది.

"అమ్మెయ్యి నోయెల్. ఊరు మారినా నాకు వంటిల్లు మారలేదు. హోటల్‌కి వెళ్తే కనీసం మంచం వాళ్ళు సర్దుతారు."

"మైలేజి పెంచుతాను."

"ఎంతకి?"

నోయెల్ మోటర్‌హోమ్‌లున్నవాళ్ళ ఫోరమ్‌లు నెల రోజులుగా చదువుతున్నాడు. "తొమ్మిది."

"సరే. గ్రాండ్ కాన్యన్ వెళ్ళి వద్దాం. దారిలో ఒక్క ట్యాంకు తొమ్మిది ఇచ్చినా ఉంచుకో. ఇవ్వకపోతే వచ్చిన వారానికి యాడ్ పెడతావు."

"డన్."

దైవాశీర్వాదం అప్పటికి మూడు వారాలుగా వాళ్ళ ఇంట్లో ఉన్నాడు. డెబ్భై ఒకటో ఏడు. చీరాల డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సు నడిపి రిటైరయ్యాడు. డిపో గేటు లోపల ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద రోజూ డ్రైవర్ల పేర్లూ, వాళ్ళ కేఎంపీఎల్లూ సుద్దముక్కతో రాసేవారు. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు నడిపాడన్నది. ఎవరి పేరు పైనుందో, ఎవరిది కిందనుందో టీ కొట్టు దాకా అందరికీ తెలిసేది. దైవాశీర్వాదం పేరు పదకొండేళ్ళ పాటు మొదటి ముగ్గురిలో ఉంది. క్రిస్మస్ రోజున కూడా డ్యూటీలో ఉన్న ఏళ్ళు అందులో తొమ్మిది.

నోయెల్ చిన్నప్పుడు తండ్రిని చూడాలంటే బస్సెక్కేవాడు. సెలవు రోజుల్లో చీరాల నుంచి విజయవాడ దాకా ఇంజను బానెట్ మీద, నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు మీద కూర్చుని వెళ్ళి, అదే బస్సులో తిరిగి వచ్చేవాడు. దారిలో తండ్రి మాట్లాడేవాడు కాదు. పక్కన కూర్చున్నందుకు విజయవాడ బస్టాండులో ఇడ్లీ పెట్టించేవాడు.

పందెం సంగతి విని దైవాశీర్వాదం లెక్క కట్టాడు. "తొమ్మిదంటే మనకి మూడు పాయింటు ఎనిమిది. ఒరేయ్, నా బస్సు డెబ్భై మందిని ఎక్కించుకుని ఐదిచ్చేది."

"అది డీజిల్ నాన్నా. ఇది గ్యాస్."

"పెట్రోలైతే మాత్రం? నలుగురం. నడిపేవాడిలో ఉంది."

మరునాడు పొద్దున్నే బండి చుట్టూ తిరిగాడు. టైర్లలో గాలి తక్కువగా ఉందన్నాడు. తలుపు పక్కన స్టిక్కరు మీద ఉన్నంత పట్టించారు. ఎయిర్ ఫిల్టరు మార్చారు. కప్పు మీది పెట్టె దింపి గరాజ్‌లో పెట్టారు. తర్వాత లోపలికి వచ్చి, "సామాను ఎంతుందో చూద్దాం" అన్నాడు. ప్రేమజ్యోతి ఇరవై పౌన్ల బియ్యం సంచి, వెట్ గ్రైండరు, రెండు కుక్కర్లలో ఒకటి దింపేసింది. నోయెల్ నీళ్ళ ట్యాంకు గురించి కూడా చెప్పాడు. ఆగే ప్రతి క్యాంప్‌గ్రౌండ్‌లోనూ కొళాయి ఉంటుంది, దారికి పావు ట్యాంకు చాలు. ఆమె సరేనంది.

దైవాశీర్వాదం మనవరాలి నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చించి, గీతలు గీసి, ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. తొమ్మిదేళ్ళ జోసఫిన్ చూసి, "తాతయ్యా, ఇది రిపోర్ట్ కార్డా? డాడీకి?" అంది.

"అవును. మీ నాన్నకి."

"కండక్టర్ ఎవరు?"

"టికెట్లు కొట్టినవాళ్ళ పేరు రాస్తాం. ఇంకా ఎవరూ కొట్టలేదు."

బయల్దేరే రోజున నోయెల్ ఇంజను స్టార్ట్ చేసి, ఏసీ వేసి, ప్రయాణం కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. వాళ్ళ సంఘంలో ప్రార్థనలు పొడుగ్గా చేసేవాళ్ళలో నోయెల్ ఒకడు. ఇంటివారి కోసం, పాస్టరుగారి కోసం, ఇండియాలో ఉన్న బంధువుల కోసం అయ్యాక, అరిజోనా వాతావరణం దగ్గరికి వచ్చాడు. దైవాశీర్వాదం కళ్ళు మూసుకునే చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"ఆమెన్" అన్న తర్వాత చెప్పాడు. "ప్రభువు వింటాడు. పెట్రోలు కాల్చక్కర్లేదు."

నోయెల్ అంతకు ముందు గంటకి డెబ్భై మైళ్ళకి క్రూజ్ కంట్రోల్ పెట్టి కాళ్ళు చాపుకునేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. రెండు సీట్ల మధ్య ఇంజను మూత ఎత్తుగా ఉంటుంది. దైవాశీర్వాదం దాని మీద తువ్వాలు మడత పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"అదుగో, ముందు ఎర్ర లైట్లు. ఇప్పుడే తియ్యి కాలు."

"ఇంకా అరమైలు ఉంది నాన్నా."

"బ్రేకు తొక్కావంటే అందాకా కాల్చిందంతా పారబోసినట్టే. తియ్యి."

మిట్ట ఎక్కేటప్పుడు స్పీడు తగ్గితే తగ్గనివ్వమన్నాడు. దిగేటప్పుడు అదే వస్తుందన్నాడు. ట్రక్కులు హారన్ కొట్టి దాటిపోయాయి. వెనక కిటికీలోంచి జోసఫిన్ వార్తలు చెప్పింది. "అందరు మనని పాస్ చేస్తుంది. ఒక గ్రాండ్‌మా కూడా!"

"పోనీవే. వాళ్ళకి బోర్డు లేదుగా."

మొదటి ట్యాంకు ఎనిమిది పాయింటు ఒకటి. రెండోది ఎనిమిదిన్నర. పొద్దున్నే, గాలి లేకుండా బయల్దేరి మధ్యాహ్నానికి ఆగిపోవడం మొదలుపెట్టారు. మూడోది ఎనిమిది పాయింటు ఏడు. గ్రాండ్ కాన్యన్ అంచున రెండు రోజులున్నారు. దైవాశీర్వాదం లోయ వంక చాలాసేపు చూసి, "ఇక్కడికి ఘాట్ రోడ్డు వేస్తే సెకండ్ గేరే" అన్నాడు. నాలుగోది, ఐదోది కూడా ఎనిమిది పాయింటు ఏడే. ఇక అమరిల్లో ఊరి నుంచి ప్లేనో దాకా ఒక్క ట్యాంకు మిగిలింది.

అమరిల్లోకి వచ్చే ముందు, న్యూ మెక్సికోలో, ప్రేమజ్యోతి వెనక మంచం మీద నిద్రపోయి లేచింది. ముందు సీట్లలో రెండు తలలు కనిపించాయి. రోడ్డు మీద దూరంగా పని జరుగుతున్న బోర్డు ఉంది.

"నాన్నా, ఇప్పుడు తియ్యనా?" నోయెల్ అడిగాడు. వయసు ముప్పై ఎనిమిది. ఆఫీసులో అతని కింద పద్నాలుగు మంది ఉన్నారు.

"ఇంకొంచెం ఆగు. ఊ. తియ్యి."

కాలు తీశాడు. బ్రేకు లేకుండానే బండి వెళ్ళి వరసలో చేరింది.  దైవాశీర్వాదం తువ్వాలు మీది చెయ్యి తీసి కొడుకు భుజం మీద ఒకసారి వేసి, మళ్ళీ తువ్వాలు మీదే పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున అమరిల్లో క్యాంప్‌గ్రౌండ్‌లో నోయెల్ స్నానానికి వెళ్ళాడు. దైవాశీర్వాదం రోజూలాగే బండి చుట్టూ తిరిగాడు. డిపోలో నేర్పిన పద్ధతి: టైరు, బెల్టు, ఆ తర్వాత వంగి కింద కారుతోందేమో చూడడం. వెనక చక్రం దగ్గర నేల తడిగా ఉంది. వేలు పెట్టి వాసన చూశాడు. పెట్రోలు కాదు. అవతలి వైపుకి వెళ్ళాడు. ప్రేమజ్యోతి తెల్ల పైపు నీళ్ళ ట్యాంకులో పెట్టి నిలబడింది. నిండిపోయి పొంగుతోంది.

"అమ్మాయ్, ఇది నిన్న కూడా నింపావా?"

"రోజూ నింపుతాను మావయ్యగారూ. దారిలో నీళ్ళు లేకపోతే?"

"దిగే చోట కొళాయి ఉంటదిగా."

"ఉంటుంది." ఆమె పైపు తీసింది. "ఒంగోల్లో మాకు కొళాయి రెండ్రోజులకోసారి. వచ్చిన అరగంటలో బిందెలు, బకెట్లు అయ్యాక గ్లాసులు కూడా నింపేవాళ్ళం. నీళ్ళు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు."

గ్రైండరు దింపిన మనిషికి నీళ్ళు కూడా సామానేనని తోచలేదు. ఆయన అడిగితే ట్యాంకుకి యాభై గ్యాలన్లు పడతాయని చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు.

"నూట తొంభై కిలోలు. ముగ్గురు ప్యాసింజర్లు. టికెట్ లేకుండా గ్రాండ్ కాన్యన్ చూసొస్తున్నారు."

ఆమెకి నవ్వొచ్చింది. తర్వాత ఆగింది. "నోయెల్‌కి చెప్తారా?"

"నేనెందుకు చెప్తాను? బండి వాడిది, పందెం మీ ఇద్దరిది. నీళ్ళు నీవి." ఆయన తడి వేలు పంచెకి తుడుచుకుని టైరు చూడ్డానికి వెళ్ళిపోయాడు.

ప్రేమజ్యోతి పైపు చుట్టి పెట్టెలో పెట్టింది. లోపలికి వెళ్ళి రెండు బాటిళ్ళు పట్టుకుంది. వచ్చి, మెట్టు పక్కన కూర్చుని, కింద చెయ్యి పెట్టి డ్రెయిన్ తిప్పింది. నీళ్ళు కంకర మీద నుంచి పక్క స్థలంలోని గడ్డిలోకి వెళ్ళాయి. ఖాళీ అవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ అక్కడే కూర్చుంది. నోయెల్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి కంకర తడిగా ఉంది.

"ఏంటిది?"

"ఏం లేదు. కారింది. పద, ఎండెక్కుతుంది."

ఆ రోజు 364 మైళ్ళు. అమరిల్లో నుంచి ప్లేనోకి దాదాపు మూడు వేల అడుగుల పల్లం ఉంది. మధ్యాహ్నం దాకా గాలి కూడా వెనక నుంచే వీచింది. కాబట్టి దేని వల్ల ఎంత అని చెప్పడం కష్టం. ప్లేనోలో ఇంటికి మైలు దూరంలో ఉన్న పంపు దగ్గర ఆపి ట్యాంకు నింపారు. పంపు టక్కుమని ఆగినప్పుడు గ్యాలన్ల అంకె నలభై పాయింటు ఒకటి. జోసఫిన్ ఫోన్లో భాగించింది.

"నైన్ పాయింట్ జీరో సెవెన్!"

నోయెల్ రెండోసారి భాగించమన్నాడు. మూడోసారి తనే చేశాడు. ప్రేమజ్యోతి వంక చూశాడు.

"సరే, ఉంచుకో" అంది ఆమె. "కానీ ఇకనుంచి బండిలో వంట నీది, మావయ్యగారిది."

"నాకు టీ ఒక్కటే వచ్చు" అన్నాడు దైవాశీర్వాదం. బండి పంపు దగ్గరుండగానే లోపలికెక్కి, ఫ్రిజ్ తలుపు తెరుచుకోకుండా పట్టుకుని, ఆరో వరస రాశాడు.

ఆయన 2010లో ఒకసారి, 2012లో ఒకసారి వచ్చాడు. రెండుసార్లూ ఆ బండిలోనే తిరిగారు. ఎల్లోస్టోన్‌లో ఉప్మా మాడగొట్టాడు. 2013లో చీరాలలో పోయాడు. ఆ తర్వాత బండి డ్రైవ్‌వే దాటి ఎక్కువసార్లు కదల్లేదు. జోసఫిన్ ఇప్పుడు లెర్నర్ పర్మిట్ మీద కారు నడుపుతోంది. ఎర్ర లైటు కనిపిస్తే అరమైలు ముందే కాలు తీస్తుంది. వెనకవాళ్ళు హారన్ కొడతారు.

అంతా విని నోయెల్ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. "అంటే నువ్వు గెలిచేదానివి."

"గెలిచేదాన్ని."

"మరి?"

"బండి అమ్మేస్తే మీరిద్దరూ పక్కపక్కన ఎక్కడ కూర్చుంటారు?" ఆమె సింకు కింద మిగిలిన గిన్నెలు అట్టపెట్టెలో సర్దింది. "ఇంట్లో ఆయన సోఫాలో, నువ్వు లాప్‌టాప్‌లో."

నోయెల్ ముందు సీటు దగ్గరికి వెళ్ళాడు. ఇంజను మూత మీద తువ్వాలు ఇంకా ఉంది. దాన్ని తీసి, కాగితం మడిచి అందులో పెట్టి, ఇంట్లో పెట్టి వచ్చాడు.

తల్సా మనిషి పదకొండింటికి వచ్చాడు. రిటైరైన స్కూలు టీచరు. కాగితాల మీద సంతకాలయ్యాక మైలేజి ఎంతిస్తుందని అడిగాడు. ఎనిమిదికి తగ్గదని, ఒకసారి తొమ్మిది ఇచ్చిందని నోయెల్ చెప్పాడు. టైర్ల గాలి గురించి, యాభై ఎనిమిది గురించి, కాలు ముందే తీయడం గురించి చెప్పాడు. నీళ్ళ ట్యాంకు పావు వంతు మించి ఉంచుకోవద్దని కూడా చెప్పాడు.

బండి డ్రైవ్‌వే దిగి మలుపు తిరిగింది. మలుపులో వెనక చక్రం పక్కనుంచి నీళ్ళు చిందాయి. రోడ్డు మీద తడి గీత పడింది.

నోయెల్ భార్య వంక చూశాడు.

"తల్సా దూరం కదా" అంది ప్రేమజ్యోతి. "పొద్దున నువ్వు లేవకముందే నింపాను."

"ముగ్గురెక్కారు" అన్నాడు నోయెల్. తడి గీత ఆరేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.