పావురాల సీడీ, నేనూ

నేను ఒక సీడీ ప్లేయర్ని. వెడల్పు జానెడు. ఎక్కడో చలిదేశంలో, చేతులకు తెల్ల తొడుగులేసుకున్న ఆడవాళ్ళు నన్ను బిగించారు. ఒక్కరూ కూనిరాగం తీయలేదు. పాటలు పాడే యంత్రాన్ని చేసేచోట అంత నిశ్శబ్దం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట తెనాలిలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరాను. లోపలి గదిలో కేకలు బయట కూర్చున్నవాళ్ళకు వినపడకుండా వేణువు వినిపించడం నా ఉద్యోగం. పన్ను గట్టిదైతే డాక్టరు నా గొంతు పెంచేవాడు. తర్వాత ఆయన చేతికి కొత్త ఫోను వచ్చింది. పాటలన్నీ అందులోకే పోయాయి. నేను బస్టాండు పక్క సందులో, జానీబాషా పాత సామాన్ల కొట్లో, ఇంకో మూడు ప్లేయర్ల సరసన అలమరలో కూర్చున్నాను.

వచ్చినవాళ్ళు ముందు లైటు చూస్తారు. నీలం లైటు వెలిగితే చాలు, ఇక పాట సంగతి అడగరు. నాకున్నది ఆవగింజంత ఎర్రదీపం. నన్ను ఎవరూ అడగలేదు.

ఒకనాడు పొద్దున ఇద్దరు ముసలివాళ్ళు వచ్చారు. ఒకాయన గురవయ్య, నాటకాలకు హార్మోనియం వాయించినవాడు. మాటలు తక్కువ, వచ్చిన నాలుగూ ముక్కుతో వస్తాయి. రెండో ఆయన భుజంగరావు, అవే నాటకాల్లో రాజు వేషగాడు. ఆయన నోటికి తెర పడదు. గురవయ్య జేబులోంచి దారప్పోగు తీసి నా నుదుటికి అడ్డంగా పెట్టి కొలిచాడు. ఇంట్లో బల్ల మీద ఆంప్లిఫయరుకూ కుడి స్పీకరుకూ మధ్య మిగిలిన చోటు ఆ దారమంతే.

"నా మంచి డిస్కు వేస్తా, వినండి పెద్దాయనా," అన్నాడు జానీబాషా.

"నీది వద్దు. నాదెయ్యి," అని గురవయ్య సంచిలోంచి ఒక సీడీ తీశాడు. దాని మీద వంకర గీత.

ఇరవై ఏళ్ళ కిందట తిరునాళ్ళ పందిట్లో ఆడిన నాటకం అది. మైకుసెట్టతను సీడీకి ఎక్కించి ఇచ్చాడు. ఆ రోజు ఒక పద్యం కాగానే జనం "వన్స్ మోర్" అని ఈలలేశారు. అది తన రాగానికని భుజంగరావు. పద్యం చివర తాను వాయించిన ముక్కకని గురవయ్య. టీకొట్టు దగ్గర రోజూ ఇదే తగువు. ఓడినవాడు అక్కడే అందరి ముందూ ఒప్పుకోవాలని పందెం. సీడీ ఒకటుందని ఈమధ్యే గుర్తొచ్చి వెతికితే, గురవయ్య కోడలు దాన్ని పావురాలు రాకుండా వరండాలో వేలాడదీసిందని తేలింది. గ్రిల్లుకు రాసుకుని రాసుకుని సరిగ్గా ఆ పద్యం చోటే గీత పడింది.

"నా చెవులు పోతన్నాయిరా గురవా. అయ్యి ఉండంగానే తేల్చు. గెలిచింది నేనేనని నా చెవుల్తో నేను ఇనాల," అన్నాడు భుజంగరావు.

"చెవులుంటే ఆ రోజే ఇనుండేవోడివి," అన్నాడు గురవయ్య.

మొదటి ప్లేయరు గీత దగ్గరికి రాగానే టకటకా కొట్టుకుంది. రెండోది అసలు డిస్కే లేదు పొమ్మంది. నీలం లైటున్నది పద్యం మధ్యలోంచి ఎగిరి ఆఖరి రంగంలో పడింది.

"రాజు అప్పుడే చచ్చిపోయాడేందయ్యా?" అన్నాడు జానీబాషా.

ఇక నా వంతు. నాది పాతకాలపు కన్ను, తొందర తెలియదు. గీత దగ్గర ఒక్క క్షణం తడబడ్డాను. తమాయించుకున్నాను. దాటాను. గురవయ్య వెంటనే మీట నొక్కి ఆపేశాడు.

"ఆపావేందిరా!"

"ఇక్కడన్నీ బస్సుల హారన్లు. ఇంటికాడ ఇందాం. ఇదే కావాలి, బాషా."

ఇంట్లో నేను దారం కొలతకు అతికినట్టు సరిపోయాను. ఇద్దరూ స్పీకర్లకు మూరెడు దూరంలో కుర్చీలేసుకున్నారు. పద్యం మొదలైంది. రాగం పైకెళ్ళింది. హార్మోనియం వెంటే వెళ్ళి దాన్ని చెయ్యిపట్టి దింపింది. అప్పుడు, జనం ఇంకా అరవకముందే, మైకుకు బాగా దగ్గరగా, ముక్కుతో ఒక గొంతు: "వన్స్ మోర్!" ఆ తర్వాతే పందిరంతా అందుకుంది.

భుజంగరావు కుర్చీలోంచి లేచాడు. "ఒరే! అది నీ గొంతేరా!"

గురవయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ మైకు హార్మోనియం ముందుది. దాని దగ్గర ఇంకెవరూ లేరు.

"నువ్వే అడిగి, ఇన్నేళ్ళూ నన్ను ఏడిపిచ్చావేందిరా?"

"నాకే గుర్తు లేదు," అన్నాడు గురవయ్య. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "గుర్తున్నా చెప్పను. చెబితే నిన్ను పట్టగలమా?"

మర్నాడు టీకొట్టు దగ్గర గురవయ్య, "భుజంగం పద్యానికే," అన్నాడట. అంతకుమించి ఒక్క ముక్క రాలేదట. మిగతాదంతా భుజంగరావే చెప్పుకున్నాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

ఇప్పుడాయన రోజూ సాయంత్రం వస్తాడు. స్పీకరుకు చెవి ఆనించి కూర్చుంటాడు. ఆయన వచ్చేది పద్యం కోసం కాదు, దాని తర్వాతి ఒక్క కేక కోసం. గురవయ్య నా వెనక్కి తిప్పే మీట నొక్కుతాడు. దాని మీది గుర్తు అప్పుడే సగం అరిగింది.

సీడీ తీసేశాక వరండాలో పావురాలు మళ్ళీ గూడు పెట్టాయి. "పనికిరాని సీడీ ఇంకోటి ఉంటే ఇవ్వండి మావయ్యా," అంటుంది కోడలు.

"అట్టాంటిది ఇంట్లో లేదమ్మా," అంటాడు గురవయ్య.

పావురాలు మాత్రం కిటికీ మీద వాలి, నా ఎర్రదీపం చూసి కువకువలాడతాయి. వాటి గూటికి నేనే కారణమని వాటికెవరు చెప్పారో!